గొట్టంలో మిగిలిన గ్రీజు

తమ్ముడు తౌనోకు,

అక్క సైమా ఆశీస్సులు. నువ్వూ, నీ ఓడా, ఓడలో అందరికీ ఉప్పెక్కువ వేసి వడ్డించే ఆ వంటాయనా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నాన్నా నేనూ తింటూ, తిరుగుతూ బాగానే ఉన్నాం. డెట్రాయిట్ దగ్గర తపాలా పడవ మీ ఓడను కలిసేలోగా అందాలని ఈ ఉత్తరం ఇవాళే వేస్తున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. పైకప్పు కారడం ఆగింది. బ్లూబెర్రీలు ఈ ఏడు విరగకాశాయి, నీ వాటా జామ్ విడిగా పెట్టాను. అమ్మ సమాధి రాతి మీద పేరు చెక్కడం పూర్తయింది. పువ్వులూ తీగలూ వద్దని నాన్న అన్నట్టే 'హిల్యా' అని సాదాగా చెక్కారు. ఇక నాన్నకు కానుకగా నువ్వు కొన్న తుపాకి. "నాన్న పుట్టినరోజులోగా శుభ్రం చేస్తావా, చేయవా" అని పోయిన ఉత్తరంలో కూడా అడిగావు. ఆ సంగతి కాస్త వివరంగా రాయాలి.

నాన్న ఫిన్లండ్‌లో ఆ చలికాలం రష్యావాళ్ళతో జరిగిన యుద్ధంలో మోసినదాని లాంటి తుపాకే, ఆ సైన్యం ముద్ర కూడా ఉందని మురిసిపోతూ నా చేతిలో పెట్టి ఓడెక్కావు. నాకు ముద్ర సంగతి అటుంచి తుపాకే కనబడలేదు. మైనపు కాగితం విప్పితే అంతా గోధుమరంగు గ్రీజు, పాకం ముదిరినట్టు గట్టిపడి ఉంది. ఎన్నేళ్ళు ఏ గిడ్డంగిలో పడుందో.

నాన్న చర్చిలో కాఫీకి వెళ్ళిన రోజు చూసుకుని, పక్కింటి రాగ్నాను సాయం పిలిచాను. పెరట్లో ఆవిరిస్నానాల సౌనాలో పొయ్యి రాజేసి, చెక్క భాగం విడదీసి లోపల వేడికి పెట్టాం. కాసేపటికి చెక్కకు చెమట పట్టినట్టు గ్రీజు బొట్లు బొట్లుగా బయటికొచ్చింది. తుడిచినకొద్దీ ఊరుతూనే ఉంది.

"పెళ్ళినాడు మా ఆయన జుట్టుకి పట్టించుకున్నది ఇదే అయ్యుంటుంది," అంది రాగ్నా. "ఇప్పటికీ దిండు మీద మరక పోలేదు."

ఇనుప భాగాలను కిరసనాయిల్లో నానబెట్టి గుడ్డలతో రుద్దాం. తూటాను లోపలికి నెట్టి పేల్చే బోల్టును వేడినీళ్ళలో మరిగించి ఆరబెట్టాం. గొట్టం లోపల మాత్రం మిగిలిపోయింది. లోపల తుడవడానికి అంత పొడవు కడ్డీ మన ఇంట్లో లేదు. వాళ్ళాయన దగ్గరుందని రాగ్నా ఇంటికి వెళ్ళింది. ఈలోగా నేను తుపాకిని ఉన్నంతవరకూ బిగించి, సౌనా ముందు గదిలో బల్లమీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి ఇంట్లోకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. నాన్న టోపీ కొక్కేనికి వేలాడుతోంది. చర్చి నుంచి ముందే వచ్చేశాడన్నమాట. నువ్వు తుపాకితో పాటు ఇచ్చిన తూటాల పెట్టెను అదే గదిలో అటక మీద పెట్టాను, నాకంటే తెలివితక్కువది ఉండదు. ఆ పెట్టె మూత తీసి ఉంది.

కడ్డీ పట్టుకుని రాగ్నా అప్పుడే వచ్చింది. "గొట్టం నిండా గ్రీజుంది, పేలిస్తే చేతిలోనే పగిలిపోతుంది," అని మాత్రం అరిచి పరుగెత్తాను. అది నిజమే. కానీ నేను పరుగెత్తింది ఆ భయంతో కాదు.

తౌనో, పైన 'తింటూ' అని రాశాను. అది అబద్ధం. అమ్మ పోయినప్పటి నుంచి నీకు రాసిన ప్రతి ఉత్తరంలోనూ అదే అబద్ధం రాశాను. నాన్న తినడం లేదు. పెట్టిన పళ్ళెం పెట్టినట్టే తీసేస్తున్నాను. పగలంతా కిటికీ దగ్గర కూర్చుంటాడు, పలకరిస్తే నేనెవరో గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూస్తాడు. ఒకసారి, "అవతలి గట్టుకి పోయినవాళ్ళే నయమే సైమా," అన్నాడు. విననట్టు గిన్నెలు తోముకున్నాను. నీళ్ళ మీద ఉన్నవాడివి, నీకు చెప్పి బెంగపెట్టడం ఎందుకనుకున్నాను. ఆ రోజు నాన్న బూట్ల గుర్తులు పట్టుకుని చెరువు దారిలో పరుగెత్తుతూ, ఏ క్షణాన చప్పుడు వినబడుతుందోనని చెవులు రెండూ మూసుకున్నాను. మళ్ళీ వినాలని తెరిచాను.

చెరువు గట్టున పడవ కట్టే రాయి మీద కూర్చుని ఉన్నాడు. తుపాకి ఒళ్ళో ఉంది. బోల్టు తీసి పక్కన రుమాలు మీద పెట్టాడు. గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి, వెనకనుంచి ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

"నాన్నా," అన్నాను.

తల తిప్పలేదు. "ఇది తుడిచిందెవరే?"

"నేనే. ఇంకా అవలేదు."

"అదే చూస్తున్నా. అవతల వెలుతురే కనబడట్లేదు. బూట్లకి పాలిష్ కొట్టి కాళ్ళు కడుక్కోనట్టుంది నీ పని."

పక్కన కూర్చున్నాను. "జేబులో ఏముంది నాన్నా?"

తూటా తీసి నా అరచేతిలో పెట్టాడు. నాన్న ఒంటి వేడికి వెచ్చగా ఉంది.

"ఎందుకు తీసుకున్నావు?"

నీళ్ళవైపు చూస్తూ అన్నాడు: "నీతో అబద్ధమాడను. ఎందుకో నీకు తెలుసు. ఇక్కడికొచ్చి కూర్చున్నా. అలవాటు చొప్పున బోల్టు తీసి గొట్టంలోకి చూశా. సైన్యంలో పొద్దున లేవగానే మొదటి పని అదే. చూస్తే ఈ చెత్త. ఒళ్ళు మండింది. ఏ వెధవ కొన్నాడు, ఏ వెధవ తుడిచాడు అని తిట్టుకుంటూ కూర్చున్నా. మీ అమ్మ పోయాక నాకు కోపం రావడం ఇదే మొదలే."

"కొన్నది తౌనో. నీ పుట్టినరోజుకి."

"వాడంతే. సంతలో గుర్రాన్ని కూడా పళ్ళు చూడకుండా కొంటాడు."

నాకు ఏడుపు ఆగలేదు. నాన్న నా తలమీద చెయ్యి వేశాడు. చేతినిండా గ్రీజే, జుట్టంతా అంటుకుంది. "కడ్డీ దొరికిందా?" అన్నాడు. దొరికిందన్నాను. "లే అయితే."

దారిలోనే రాగ్నా ఎదురైంది. నాన్నను చూసి కడ్డీ చేతికిచ్చింది. సౌనాలో కూర్చుని ముగ్గురం గొట్టం శుభ్రం చేశాం. నాన్న చెప్పడం, మేం చేయడం. గుడ్డపీలికలు గోధుమరంగులో వచ్చాయి, తర్వాత పసుపుగా, చివరికి తెల్లగా. ఆ చలికాలం గిడ్డంగి గ్రీజు తుడవకుండా తెచ్చిన తుపాకులు మంచులో బిగుసుకుపోయేవని, చేతి తొడుగులు తీసి పెట్రోలుతో రుద్దుతుంటే వేళ్ళ చర్మం ఇనుముకు అంటుకుని ఊడొచ్చేదని చెప్పాడు. నా జన్మలో నాన్న నోట యుద్ధం మాట వినడం అదే మొదటిసారి. తర్వాత చేపల పులుసు తాగాడు. ఇంకొంచెం అడిగాడు.

ఒక గిన్నె పులుసుతో అంతా బాగైపోయిందని నేననుకోవడం లేదు. మర్నాడే డులూత్ తీసుకెళ్ళి డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పాను. నాన్న పక్కనే కూర్చుని, "అమ్మాయి చెప్పింది నిజమే," అన్నాడు. మందులిచ్చారు, వారం వారం రమ్మన్నారు. తూటాలు రాగ్నా ఇంట్లో తాళం వేసి ఉన్నాయి. బోల్టు కూడా ఇమ్మని ఎలా అడగాలా అని నేను తటపటాయిస్తుంటే, నాన్నే రుమాల్లో చుట్టి రాగ్నాకిచ్చాడు. "ఇది మీ ఇంట్లోనే ఉండనీ. నాకు తుడుచుకోవడానికి గొట్టం చాలు," అన్నాడు.

నువ్వు ప్రేమతో కొన్నావు, నీ మీద కోపం లేదు. కానీ ఇంత బరువు నేనొక్కదాన్నే మోయలేను. సరస్సు గడ్డకట్టి ఓడలు ఆగేదాకా ఆగకు. ఖనిజం ఎక్కించుకోవడానికి టూ హార్బర్స్ రేవుకి వచ్చినప్పుడు కెప్టెన్‌ని సెలవడుగు. ఒప్పుకోకపోతే ఉన్న కాసేపైనా కిందికి దిగు.

మేం రేవుకు వస్తాం. నాన్నను రమ్మని నేనడగలేదు. ఇవాళ పొద్దున బూట్లు తొడుక్కుంటూ తనే అన్నాడు: "వాడి ఓడ ఎప్పుడొస్తుందో రేవు ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కో. గట్టు చివర నిలబడతా. అక్కడైతే ఓడ పైనుంచి వాడికి బాగా కనబడతా."

ఇట్లు,
నీ రాకకు ఎదురుచూసే అక్క,
సైమా