ఎర్రగీత ఎవరు జరిపారు

తమ్ముడూ,

మేం క్షేమం అని రాయాలి, చెయ్యి రావడం లేదు. ఎదురుగా అనలేక రాస్తున్నాను. నా సంగతి నీకు తెలిసిందే.

ఆ సోమవారం మన వడ్రంగి షెడ్డులో పదకొండు కిటికీ ఫ్రేములకు మూలలు కలవలేదు. ప్రతి ముక్కా రెండు మిల్లీమీటర్లు పొట్టి. నలుగురు పనివాళ్ళ ముందు నువ్వన్న మాట ఇది: "అంత ఎర్రగా గీత పడుతుంటే కూడా తప్పు కోశావంటే, కళ్ళు పోయినట్టే అన్నయ్యా. ఇక ఇంటిపట్టున ఉండు." పాలిష్ ఆయన అందుకుని, "పెద్దాయనకు రెండు గీతలు కనబడుతున్నాయేమో లెండి" అన్నాడు. నువ్వూ నవ్వావు. నేను చొక్కా మీది పొట్టు దులుపుకుని వచ్చేశాను.

నా కళ్ళకేమీ కాలేదు. ముందురోజు నువ్వు కోత మిషన్‌కు మందం బ్లేడు బిగించావు. కోత ఎక్కడ పడాలో చూపే ఎర్రగీత లేజరుది, దాన్ని సరిచేయలేదు. గీత పాత బ్లేడు అంచున పడుతోంది, కొత్తది దాన్ని దాటి కొరుకుతోంది. మొదటి ముక్కకే అనుమానం వచ్చి పెన్సిల్ తీశాను. "మిషన్ గీస్తుంటే మళ్ళీ నీ గీత ఎందుకు, చాదస్తం కాకపోతే" అని పెన్సిల్ లాక్కున్నావు. నీ మాట మీద కోశాను.

మర్నాడు పొద్దున్నే షెడ్డు తాళంచెవి ఇద్దామని వచ్చాను. ఎవరూ లేరు. పనికిరాని చెక్కను సగం లోతు కోసి, కదపకుండా ఉంచి, ప్లగ్గు పీకాను. లేజరు బ్యాటరీది కాబట్టి వెలుగుతూనే ఉంది. గీత కోసిన గాడి అంచున కాక లోపల పడుతోంది. మరలు వదులు చేసి, గాడి అంచు మీదకు తెచ్చి బిగించాను. దాని అద్దం పొడిగుడ్డతో తుడిచాను. తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాను.

"అన్నయ్య మానేశాక ఒక్క ముక్కా పాడవలేదు" అని అందరితో అంటున్నావట. మరదలు చెప్పింది. మింగుడు పడటం లేదు. అయినా పోనీ. ఎవరికీ చెప్పను. ఇక రాను.

నీ అన్నయ్య

తమ్ముడూ,

నీ జవాబు నాలుగుసార్లు చదివాను. మరలు కదిలాయని ఆ వారంలోనే చూశావట. నేనే తిప్పానని అప్పుడే తెలిసిందట. "పనివాళ్ళ దగ్గర చులకనైపోతానని ఊరుకున్నాను, మనసులో పెట్టుకోకు. వచ్చి ముందుగదిలో కూర్చో, వచ్చేపోయేవాళ్ళను చూసుకుందువుగాని" అని రాశావు.

తెలియక అన్నావనుకున్నన్నాళ్ళూ నీ మీద కోపం నిలవలేదు. తెలిసే మూడు వారాలు నన్ను గుడ్డివాణ్ణి చేశావు. నీకు రంపం పట్టడం నేర్పింది నేను.

రానని రాశాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సోమవారం వస్తాను. ముందుగదిలోకి కాదు, మిషన్ దగ్గరికి. ఆ నలుగురూ ఉండాలి, పాలిష్ ఆయన తప్పకుండా ఉండాలి. తప్పు ఎవరిదో నీ నోటితో నువ్వే చెప్పాలి. నేను చెప్పను, నాకు మాటలు రావు.

నువ్వు చెప్పేదాకా మిషన్ పక్కనే నిలబడతాను. ఒక్క ముక్క కూడా కోయనివ్వను.

అన్నయ్య