మిద్దె మీది రోలు

మాచర్ల
3 జులై 1988

ఈ ఇంటి స్లాబు పోసిన మేస్త్రీ మా నాన్న, గురజాల యేసుపాదం. ఎండాకాలంలో ఆ సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తుండదు. వాన పడితే మాత్రం అందరికీ గుర్తొస్తుంది.

ఇవాళ సరిగ్గా నా దిండు మీద కారింది. పైన ఎర్రటి మరక. మా ఆయన స్టూలెక్కి చూసి, లోపల ఊచలు తుప్పు పట్టాయన్నారు. బస్సు కండక్టరుకు ఊచల సంగతి ఎప్పటి నుంచి తెలుసో. అత్తయ్య హన్నమ్మ ఇంకో మెట్టు ఎక్కింది. మీ నాన్న పాత ఇనుము కొని వేసుంటాడంది.

10 జులై

చర్చి మెట్ల మీద నిలబడి అత్తయ్య కనపడిన ప్రతి మనిషికీ తుప్పు ఊచల కథ చెప్పింది. పాస్టరు గారు కూడా విన్నారు. చర్చి వరండాకు స్లాబు పోసే పని నాన్నకే ఇస్తామని ఈస్టరప్పుడు మాట ఇచ్చిన మనిషి, ఇప్పుడు ఆలోచిద్దాం అన్నారట.

12 జులై

పని వేరే మేస్త్రీకి ఇచ్చేశారు.

17 జులై

నాన్న వచ్చాడు. గది గుమ్మంలోనే నిలబడి మరక వంక చూశాడు. మిద్దెక్కి చూస్తానంటే, పైనంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఇంకోసారి రమ్మంది అత్తయ్య.

కట్టేటప్పుడు ఈ మిద్దెకు చుక్క నీరు దిగకూడదని పిడుగురాళ్ల నుంచి సున్నం తెప్పించాడు. ఇటుకపొడి, బెల్లపు నీళ్లు కలిపి స్లాబు మీద పరిపించి, ఆడకూలీల చేత కొయ్య బద్దలతో రోజుల తరబడి కొట్టించి గచ్చు చేయించాడు. సిమెంటు పూస్తే చాలదా అని మా ఆయన విసుక్కున్నా వినలేదు. అంత చేసిన మనిషి ఇవాళ కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, "నా చెయ్యే తప్పిందేమోనమ్మా" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఈ ఇంటి మీద మండింది. నాన్న మీద కూడా మండింది.

21 జులై, సాయంత్రం 5

ఒక కన్ను మూసుకుని రాస్తున్నాను.

మంచం జరుపుతూ పైకి చూస్తే చుక్క తిన్నగా కంట్లో పడింది. ప్రాణం పోయినంత మంట. తుప్పు నీళ్లు ఇలా మండవే అనుకున్నాను. కన్ను కడుక్కొచ్చి, గోడ మీది ఎర్ర చారను వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను.

కారం.

వానలోనే మిద్దెక్కాను. నా గదికి సరిగ్గా పైన అత్తయ్య రోలు. కింద దంచితే ఇల్లంతా దగ్గు అని, గృహప్రవేశం అయిన వారానికే నలుగురు మనుషుల చేత తాళ్లు కట్టించి పైకి చేర్పించింది. వీధి వీధంతటికీ కారం అక్కడే దంచుతుంది. ఒక రోకలి తను, ఇంకోటి పక్కింటి రోశమ్మ. రోలు చుట్టూ గచ్చును కాలితో తడితే డొల్ల చప్పుడు. పగుళ్ల నిండా కారం. రెండేళ్లుగా నెత్తిన ఆ మోత వింటూ చీరలు మడతపెట్టుకున్నాను, నాకూ తట్టలేదు.

22 జులై

ఆయన వేలికి ఆ ఎర్ర నీళ్లు రాసి రుచి చూడమన్నాను. చూశారు. దగ్గారు. అమ్మతో అనొద్దు, బాధపడుతుందన్నారు. మా నాన్నకు బాధ ఉండదు కాబోలు.

అన్నాను. దాచకుండా అన్నీ అన్నాను. అత్తయ్య మిరపకాయల తొడిమలు తీస్తూ అంతా విని, తల కూడా ఎత్తకుండా, "రోలు బరువు ఆపలేంది అదేం స్లాబే" అంది.

31 జులై

తెరిపి ఇచ్చింది. నాన్న వచ్చి రోలు పక్కకు దొర్లించి, పాడైన గచ్చు చెక్కేసి కొత్తది వేశాడు. తడి గోనె కప్పి, వారం దాకా ఎవరూ తొక్కొద్దన్నాడు. కూలి తీసుకో నాన్నా అని బతిమాలాను. కూతురింట్లో కూలేందని వెళ్లిపోయాడు.

నాన్న వీధి మలుపు తిరిగాడో లేదో, అత్తయ్య ప్రహరీ మీదుగా రోశమ్మతో, "తప్పు లేకపోతే ఊరికే ఎందుకు చేస్తాడే" అంటోంది.

చేతిలో చెంబు ఉంది. విసరలేదు.

3 ఆగస్టు

స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చేసరికి పైన ధన్ ధన్‌మని మోత. ఎవరింట్లోనో పెళ్లట, కారం కావాలట. రోలు మళ్లీ పాత చోటికే దొర్లించారు, వేపచెట్టు నీడ అక్కడే ఉంటుందట. నిన్నగాక మొన్న వేసిన గచ్చు పచ్చిగానే చితికిపోయింది.

ఆయన పేపరు చదువుతున్నారు.

4 ఆగస్టు

ఇంకా చదువుతున్నారు.

6 ఆగస్టు, మధ్యాహ్నం 3

అత్తయ్య చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లింది. తలనొప్పి అని నేను స్కూలుకు వెళ్లలేదు. మిద్దెక్కి రోకళ్లు రెండూ కిందికి తెచ్చి గొడ్డలితో నరికాను. చండ్రకర్ర, ఓ పట్టాన లొంగలేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. ముక్కలు నీళ్ల పొయ్యిలో పెట్టాను. ఎన్నేళ్ల కారం తాగాయో, పొగకు దగ్గి దగ్గి పేగులు నోట్లోకి వచ్చాయి.

సాయంత్రం 6

అత్తయ్య వచ్చి, పోపు మాడిందా అని అడిగింది. ఆ నీళ్లతోనే తలంటుకుంది. నీళ్లు బాగా కాగాయని మెచ్చుకుంది కూడా.

8 ఆగస్టు

నాన్నను పిలవలేదు. మొన్న వదిలివెళ్లిన సున్నం మిగిలి ఉంటే నేనే కలిపి, రోలు పక్కకు దొర్లించి, చితికిన చోట పరిచి, బద్దతో కొట్టాను. ఒక్కో దెబ్బకు ఒక్కొక్కరిని తలుచుకున్నాను. గచ్చు గట్టిగా కుదిరింది.

14 ఆగస్టు

చర్చి మెట్ల మీద అత్తయ్య అందరికీ రోకళ్ల దొంగ కథ చెప్పింది. స్లాబు మాట ఎత్తలేదు.

వాన పడుతోంది. రోకలి మొనలకు ఉండే ఇనుప పొన్నులు రెండూ బూడిదలో దొరికాయి. నా దిండు కింద ఉన్నాయి. దిండు పొడిగా ఉంది.