అత్త చేతిలో ఆముదం గిన్నె

బావా,

బాగున్నావా? నువ్వు వెళ్లిపోయి రెండేళ్ల మూడు నెలలైంది. కోటబొమ్మాళిలో అందరం కులాసా. కొట్టు నేనే తీస్తున్నాను. బోణీ అయ్యేదాకా గద్దె దిగననే నీ పట్టుదల నాకు లేదు. గంటకోసారి లేచి స్టేషను దాకా నడిచి వస్తాను. కొట్టేమీ పారిపోవడం లేదులే.

ఇవాళ రాయడానికి కారణం ఉంది. మన హైమ గండం గట్టెక్కింది... ముందే చెప్పేశాను, కంగారుపడకు.

నీ పెద్దపేగు పూత జబ్బు దానికీ వచ్చిందని నీకు తెలీదు కదూ? నీ గిరజాల జుట్టు రాలేదు గానీ ఇది మాత్రం వచ్చింది. ఏం చేస్తాం? పోయిన నెల బాగా రేగింది. రోజుకు పదిసార్లు విరేచనాలు, రక్తంతో సహా. దొడ్లోకి తప్ప మంచం దిగలేదు. నీళ్లు తాగమంటే నీ మాటే అప్పజెప్పింది. గుర్తుందా? "నీల్లు తాగితే మల్లీ లెగాల. ఆ గోలెందుకే నాకు?" అచ్చం నీ మొహమే పెట్టింది, తండ్రి కూతురు!

ఎనిమిదో రోజు పొద్దున్న ఎడమ పిక్క నొప్పంది. ముడుచుకు పడుకుంటే పట్టేసిందని మీ అమ్మ ఆముదం వెచ్చజేసి తెచ్చింది. అప్పుడు నీకు తెచ్చినట్టే. అదే ఇత్తడి గిన్నె.

ఆ రోజు నీ కాలు పట్టింది నేనే కదా బావా... పిక్క వాచి వేడిగా ఉంటే, ఇంకా గట్టిగా రుద్దాను. "నీ సేతిలో మందున్నాదే" అన్నావు. మర్నాడే నీకు ఊపిరాడలేదు. ఆ పూత రేగినప్పుడు రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువట. మంచాన పడి నీళ్లు మానేస్తే మరీనట. కాలిలో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయిందని అంతా అయ్యాక చెప్పారు. నేను రుద్దబట్టే కదిలిందా? అడిగాను. చెప్పలేమన్నారు. నువ్వు చెప్పగలవా?

అందుకే గిన్నె లాక్కున్నాను. ఆముదం నేలపాలు. మేనత్త అని కూడా చూడకుండా చెయ్యి విదిలించానని మీ అమ్మ అలిగింది. హైమ కాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమది వాచింది, వేడిగా ఉంది. కొట్టు షట్టర్ దించేసి, ఆటో పిలిచి శ్రీకాకుళం తీసుకుపోయాను. బోణీ కాకుండా దించానని తిట్టుకోకు.

స్కానింగులో గడ్డ కనబడింది. ఇంకా కాలిలోనే ఉందట. రక్తం పలచబడే ఇంజెక్షన్ అనగానే దెబ్బలాటేసుకున్నాను. ఓ పక్క రక్తం పోతుంటే ఇదేం మందని. దానికన్నా ఈ గడ్డే ప్రాణం మీదికి తెస్తుందని, కనిపెట్టుకునే ఇస్తామని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు, పాపం.

ఇప్పుడు వాపు తగ్గింది. పూత కూడా సద్దుమణిగింది. మాత్రలు ఇంకా కొన్నాళ్లు వాడాలి. అలక తీరాక మీ అమ్మే పోలీసైంది. హైమ నీళ్ల సీసా ఖాళీ అయ్యేదాకా గుమ్మంలోనే కాపలా. మనవరాలి వెనకే వీధి చివరిదాకా నడుస్తోంది కూడా. దాంతో మోకాళ్ల నొప్పి తగ్గిందని ఊరంతా చెప్పుకుంటోంది!

అసలు సంగతి మరిచాను. కాలు రుద్దారా అని డాక్టరు అడిగాడు. లేదన్నాను. మంచి పని చేశావమ్మా, రుద్దకూడదని ఎవరు చెప్పారన్నాడు. మా ఆయన అన్నాను. ఆయన డాక్టరా అన్నాడు. కాదండీ, కిరాణా కొట్టు అన్నాను. హైమ పకపకా నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

రాయడం మొదలుపెట్టి గంటైంది బావా. లేవాలి, హైమని తీసుకుని నడవాలి. రోజూ నడిపిస్తాను.

నీ మరదలు,
పార్వతి