వాగు జరిగినా హద్దు జరగదని చెప్పండి

వాగు మీద వంతెన కట్టిస్తున్న ఇంజనీరు గారికి, ముసునూరు పక్క మామిడి తోటల నుంచి భాస్కరరావు గారి అబ్బాయి సుభాష్ వాట్సాప్‌లో పెట్టుకుంటున్న అర్జీ.

అయ్యా,

విషయం: వంతెన పనిలో కోసుకుపోతున్న వాగు గట్లు నిలబెట్టి, మా నాన్న మా బాబాయిని చంపకుండా ఆపుట గురించి.

మీ నంబరు పని దగ్గర బోర్డు మీద చూశాను. సోమవారం మీ ఆఫీసుకొచ్చి లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. మీరు "ఏంటి బాబూ?" అన్నారు. "ఏం లేదండి" అని వచ్చేశాను. అది నేనే. ఎనిమిదిలో బడి మానేశాను, తప్పులుంటే క్షమించవలెను.

1. వాగుకు ఇవతల మా తోట, అవతల సతీష్ బాబాయి తోట. తాత పంచినప్పుడు రాళ్లు పాతలేదు. "వాగే హద్దు. అది ఎటు నడిస్తే హద్దు అటే. దాంతో ఎవడూ పోట్లాడలేడు" అన్నాడంట. గట్ల నిండా రెల్లు గడ్డి, వావిలి పొదలు ఉండేవి కాబట్టి వాగు ఎటూ నడవలేదు. అన్నదమ్ములిద్దరూ ఆ మాట మీదే ఉన్నారు.

2. మిషను దిగడానికి దారి కావాలని మీ కాంట్రాక్టరు మనుషులు రెల్లూ వావిలీ వేళ్లతో సహా పీకించేశారు. తవ్విన మట్టి దూరంగా పోయకుండా గట్టు అంచునే కుప్ప పెట్టారు. స్తంభాల గుంతలోకి నీళ్లు రాకుండా వాగుకు అడ్డంగా కట్ట వేసి, నీళ్లన్నీ మా వైపు తిప్పారు. మొదటి వానకే మా గట్టు చెట్లతో సహా కూలింది. ఆ మట్టంతా పోయి బాబాయి వైపు మేట వేసింది.

3. బాబాయి ఆ మేట మీద హద్దురాళ్లు పాతాడు. "వాగు నడిచింది అన్నయ్యా, హద్దూ నడిచింది. నాన్న మాట నేను తప్పను" అన్నాడు. నాన్న "మిషను పెట్టి నెడితే దాన్ని నడవడం అంటార్రా?" అని పాతిన రాయే పీకి బాబాయి తల మీద కొట్టాడు. చెవి చిరిగి వేలాడింది. బాబాయి కూతురు సింధూర చున్నీతో అదిమి పట్టుకుని ఆటోలో నూజివీడు ఆసుపత్రికి తీసుకుపోయింది. సదరు విషయమై కేసు పెట్టలేదు. కేసు పెడితే తన చేత్తో పగ తీర్చుకోవడం కుదరదని బాబాయి అన్నాడంట.

4. సదరు బాబాయి తల కట్టుతోనే రంపం మిషను పట్టుకొచ్చి మా గట్టు చివర మిగిలిన చిన్నరసం మామిడి చెట్టు కోసేశాడు. ఆ కాస్త గట్టునీ పట్టుకుని ఉన్నవి దాని వేళ్లే. అడ్డం వెళ్లిన అమ్మను తోసేశాడు, అమ్మ మోచెయ్యి విరిగింది. నాన్న పలుగు ఎత్తాడు. నేను మధ్యలో పడ్డాను. పలుగు మొన నా కుడి భుజంలో దిగింది. ఇదంతా ఎడమ చేత్తో కొడుతున్నాను. ఆలస్యానికి మన్నించవలెను.

5. మీ సూపర్‌వైజరు అప్పుడు కుర్చీలో కూర్చుని వీడియో తీశాడు. అంతకుముందు నేనూ సింధూరా ఆయన దగ్గరకెళ్లి, "బస్తాల్లో మట్టి నింపి గట్టు వారన పేరుద్దామండి" అని అడిగాం. "బస్తాలెందుకురా? మీ నాన్ననీ బాబాయినీ అడ్డంగా పడుకోబెట్టు, గట్టు కదలదు" అన్నాడు. అందరూ నవ్వారు. మేమే బస్తాలు పేర్చాం. మర్నాడు వాటి మీద నుంచే మిషను తోలాడు.

6. నాన్న నిన్నటి నుంచి అన్నం తినట్లేదు. కాయలు కోసే కత్తి నూరుకుంటున్నాడు. "కాయల్లేని రోజుల్లో కత్తి ఎందుకండీ?" అని అమ్మ అడిగితే ఇంకాస్త గట్టిగా నూరాడు. కాయలు మాగేసిన గడ్డిలో దాన్ని దాచేశాను. కనపడలేదని నన్ను బెల్టుతో కొట్టాడు. చెప్పలేదు. ఇంకోసారి కొడితే చెప్పేస్తానేమో సార్.

కావున తమరు నీళ్లు నడి వాగులోకి తిప్పించి, అంచున ఉన్న మట్టి తీయించి, గట్లకు బస్తాలు, రాళ్లు పేర్పించి, పీకిన చోట మళ్లీ రెల్లు నాటించవలెను. అవన్నీ తర్వాతైనా పర్లేదు. ముందు మీరొకసారి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడి, "వాగు జరగలేదు, మేం జరిపాం. పాత హద్దే హద్దు" అని మీ నోటితో చెప్పాలి. నేను చెప్తే వినరు. మీరు చెప్తే తాత మాట తప్పినట్టు కాదు. వెనక్కి తగ్గడానికి ఇద్దరికీ ఒక సాకు దొరుకుతుంది. వాళ్లకి కావాల్సింది అదేనని నాకు అనిపిస్తుంది.

ముసురు పట్టకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సుభాష్

మళ్లీ రాస్తున్నాను సార్. మీకు చేరినట్టు టిక్కులు పడ్డాయి, నీలం అవ్వలేదు. వాన వచ్చేసింది. హద్దురాళ్లు కొట్టుకుపోతాయని బాబాయి మేట మీదకొచ్చాడు. మేట కాళ్ల కింద కరిగిపోయింది. నాన్న వాగులో దూకి బాబాయి జుట్టు పట్టుకున్నాడు. పైకి లాగుతున్నాడో ముంచుతున్నాడో వానలో కనపడట్లేదు. నాన్నా అని అరుస్తున్నాను. నోరు పెగిలింది సార్. వినపడట్లేదు వాళ్లకి. ఫోను చెట్టు పంగలో పెట్టి వాగులోకి దిగుతున్నాను