శ్రమల దినాలల్ల బ్రెడ్ ఆమ్లెట్

సుజాత నాయినా,

నువ్వు పోయినంక ఈస్టర్ ముందటి శ్రమల దినాలు ఇవే తొలిసారి. నేనొక్కదాన్నే ఉపవాసం వట్టిన. ఇయ్యాల కొత్తగూడెంల నీ ఆఫీసుకు పోయి నీ సామాన్లు తెచ్చుకుంటుంటే, పక్క సందుల బ్రెడ్ ఆమ్లెట్ బండామె నా చేతుల నీ గొడుగు గుర్తువట్టింది.

"సారు గొడుగే గదమ్మా! ఉపవాసాలొస్తే రోజు మధ్యాహ్నం ఈడనే రెండు తినేటోడు. ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు అనేటోడు."

పెండ్లైనకాడికెల్లి ఏటా ఈ దినాలల్ల నీకు తోడుగ నేను పొద్దుగూకేదాక నీళ్లమీదనే ఉన్న. సాయంత్రం నువ్వు నీరసమని కుర్చీల కూలవడితే, నాకు కండ్లు తిరుగుతున్నా ముందు నీకే గంజి పోసిన.

నేను గూడ ఒకటి వేయించుకొని తిన్న. మంచిగుంది. గందుకే ఇంకా మండింది. ఒక్కనాడన్న నాకోటి కట్టించుకొని వస్తే నేనే క్షమిస్తుంటి. ఇగ దేవుణ్నే అడుక్కో.