నాన్న కట్టిన కట్టు

అక్కా,

ఇది ఫోన్లో చెబితే నాన్న వింటారు, అందుకే రాస్తున్నాను.

నిన్న షెడ్డులో పాత ట్రాక్టరు ఇంజను బిగిస్తున్నాం. పిస్టన్ పిన్ను పక్కకు జారకుండా రెండు వైపులా క్లిప్పులు పెడతాం కదా. అవి గాడిలో కూర్చున్నాయో లేదో నాన్న కళ్లతో చూడరు, వేలు చుట్టూ తిప్పి చెబుతారు. నిన్నా అలాగే తిప్పి, "కూర్చుందమ్మా, ఇక సిలిండర్లోకి దించెయ్" అన్నారు. చూస్తే క్లిప్పు కొస గాడి బయటే ఉంది. దాని మీద రక్తం.

"నాన్నా, రక్తం!"

"చూసుకుని చెయ్యవే అంటే వింటేగా!" అని గ్రీజు చేతులతోనే నా చెయ్యి లాక్కున్నారు. కారుతున్నది ఆయన వేలి నుంచి. ఆ వేళ్లకు స్పర్శ లేదక్కా. నేను చెయ్యి అలాగే ఇచ్చాను. ఆయన నా వేలికి గుడ్డ కట్టారు. అది ఎర్రబడుతుంటే, "లోతుగానే తెగింది, మొద్దూ" అన్నారు.

ఈ మధ్య ఆయన బిగించిన ఇంజన్లన్నీ బయట నడుస్తున్నాయి. ఒక్క క్లిప్పు ఊడినా సిలిండరు చీరుకుపోతుంది. ఏదో సాకు చెప్పి వాటిని వెనక్కి రప్పిస్తున్నాను. నువ్వు వెంటనే వచ్చి ఆయన్ని డాక్టరుకి చూపించు. పని మానమని చెప్పడం నావల్ల కాదు.

ఆ కట్టు ఇంకా విప్పనివ్వడం లేదు, రాత వంకరగా ఉంటే అందుకే. నా వేలికి ఏమీ కాలేదు.

నీ చెల్లి