రెండో పిలుపు

కల్వకుర్తి,
ఆదివారం పొద్దున.

చిరంజీవి పుష్పకు మీ బాపు ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మీ అమ్మ క్షేమం. మేకలు క్షేమం. మొన్న ఈనిన నల్లమేక, దాని పిల్లలు రెండూ క్షేమం. బిలాస్‌పూర్‌లో నువ్వు వేళకు తింటూ, వేళకు డ్యూటీ ఎక్కుతూ బాగున్నావని తలుస్తాను. నా క్షేమం మాత్రం చివర రాస్తాను. ఉత్తరమైనా, పరీక్ష పేపరైనా కింది నుంచి చదివే పాడు అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఈ ఒక్కసారికి పైనుంచి వరుసగా చదువు, నా తల్లివి కదా.

నీ ఉత్తరం మంగళవారం అందింది. రోజూ ఫోన్ చేసే పిల్ల ఉత్తరం రాయడమేమిటని గడపలోనే నిలబడి చదివాను. నువ్వు అడిగినవి మూడు. విమానం పరీక్ష ఏమైంది? నడుం నొప్పి తగ్గిందా? మూడోది అన్నిటికన్నా కింద చిన్న అక్షరాలతో రాశావు. "బాపూ, బడి బస్సు తాగి నడిపినవని అమ్మ ఏడుస్తాంది, నిజమేనా?" నోటితో అడగలేక కాగితం మీద అడిగావు. నేనూ నోటితో చెప్పలేను. మీ అమ్మ పదిహేను రోజులుగా నాతో మాట్లాడటం లేదు. కంచం ముందు పెట్టి "బువ్వ" అంటుంది, అంతే. ఫోన్ ఎత్తితే మాత్రం వచ్చి పక్కనే కూర్చుంటుంది.

మూడింటికీ జవాబు ఒకటే బిడ్డా. దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. విమానం నుంచే మొదలుపెడతాను.

బస్సు డిపోలో డ్రైవరు పని నుంచి దిగిపోయి ఇంట్లో కూర్చున్నాక, గోడ చూస్తూ ఉంటున్నానని నీ మొదటి జీతంతో ఆ కంప్యూటరు, స్టీరింగు, కాలి పెడళ్ళు పంపావు. దాన్ని స్టీరింగు అనకూడదు, యోక్ అనాలి అని అక్కడ నాకు పాఠం చెప్పే గోపీకృష్ణ నన్ను నాలుగుసార్లు దిద్దాడు. "కృష్ణవేణి వర్చువల్"లో నా పేరు నువ్వే రాయించావు. అదేం కంపెనీ అని మీ అమ్మ అడిగితే చెప్పాను, ఎవరింట్లో వాళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని నిజం పైలట్లలాగా టైం ప్రకారం విమానాలు నడిపే జనం, డిపోలో లాగే డ్యూటీ చార్టు ఉంటుంది, దిగాక రిపోర్టు రాయాలి, అని. "జీతం?" అంది. లేదన్నాను. "టికెట్లు?" అంది. ఎక్కేవాళ్ళే లేరన్నాను. "ఉత్త విమానాలకు గింత హైరానా ఎందుకయ్యా!" అని నెత్తి కొట్టుకుంది.

ఇరవై మంది ఉన్నారు. బ్యాంకు గుమాస్తా ఒకాయన, చదువుకునే పిల్లలు, పళ్ళ డాక్టరమ్మ ఒకామె. నేను చేరిన రోజు అందరూ స్వాగతం అని రాశారు. యాభై ఆరేళ్ళ కొత్త క్యాడెట్టును చూడటం వాళ్ళకు అదే మొదలు. మొదటి రోజే పరువు పోయింది. నేల మీద విమానాన్ని కాళ్ళతో తిప్పాలట! ఇరవై ఆరేళ్ళు చేతులతో తిప్పినవాణ్ణి, యోక్ పట్టుకుని చక్రంలా గిరగిరా తిప్పితే, విమానం నా మాట వినకుండా నేరుగా గడ్డిలోకి పోయింది. హారను ఎక్కడుందని అడిగితే అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. నిజం చెప్పనా, అన్ని నెలల తర్వాత ఆ రోజు నాకు ప్రాణం లేచొచ్చింది.

గోపీకృష్ణది హుజూర్‌నగర్. ఎరువుల దుకాణం నడుపుతాడు, నీకన్నా మూడేళ్ళు పెద్ద. కొత్తవాళ్ళకు పాఠం చెప్పేదీ, పరీక్ష పెట్టేదీ అతనే. మొదటి పాఠమే ఇది: దిగేటప్పుడు ఒకడు ఎత్తు పిలిచి చెప్పాలి, నడిపేవాడు పలకాలి. రెండుసార్లు పిలిచినా పలకకపోతే వాడు నడిపే స్థితిలో లేడని లెక్క. ఇక అడిగేది లేదు, రెండోవాడు విమానం తీసుకోవాలి. అది విని నిన్నే తలుచుకున్నాను. ఇంజనులో సిగ్నల్ కనబడగానే రైలు నడిపే లోకో పైలట్టూ పక్కనుండే నువ్వూ గట్టిగా చెప్పుకోవాలని అన్నావు కదా. మా బిడ్డ రైల్లో అరుస్తుంది, నేను విమానంలో అరుస్తానని గొప్పగా చెప్పాను కూడా.

పరీక్ష మూడు వారాల కింద, ఆదివారం పొద్దున పది గంటలకు. హైదరాబాదు నుంచి తిరుపతికి. నా పక్క సీటులో, అంటే హుజూర్‌నగర్‌లో తన ఇంట్లో, గోపీకృష్ణ కూర్చున్నాడు. చెవిలో అతని మాట నాకు, నా మాట అతనికి. నల్లమల మీద నుంచి పోతుంటే కింద శ్రీశైలం ఘాటు కనబడింది. కంప్యూటరు బొమ్మే, అయినా చూపు పక్కకు తిప్పుకున్నాను. ఎందుకో కాసేపట్లో రాస్తాను.

తిరుపతి రన్‌వే ఎదురుగా కనబడింది. "వెయ్యి అడుగులు" అన్నాడు. పలికాను. ఆ తర్వాత నాకు వినపడింది "కంట్రోల్ నాది!" అనే కేక. మధ్యలో ఏమీ లేదు. చూస్తే విమానం మళ్ళీ పైకి లేస్తోంది. నాకు ఒళ్ళు మండింది. "ఎవడు గుంజుకొమ్మన్నడు నా చేతుల్నుంచి?" అని అరిచాను.

"ఐదు వందలని రెండుసార్లు పిలిచిన కాకా. మీరు పలకలే."

"నెట్టు పోయింది."

"నెట్టు పోలే. మీ ఇంట్ల కుక్కర్ మూడు కూతలు వేసింది, నాకు వినపడ్డది. మీకు వినపడ్డదా?"

నాకు ఒక్కటీ వినపడలేదు పుష్పా. పద్నాలుగు సెకండ్లని కంప్యూటరు తెర మీద రాసుంది. ఆ పద్నాలుగు సెకండ్లు నేను యోక్ పట్టుకునే ఉన్నాను, కళ్ళు తెరిచే ఉన్నాను, కానీ నేను లేను.

గోపీకృష్ణ మెల్లగా అడిగాడు. "కాకా, గిదంటే ఆట. పోతే విమానం బొమ్మ పోతది. మీరు బయట బండి గిట్ల నడుపుతున్నరా?"

లేదన్నాను.

దవాఖానకు పోయి కాగితం తెచ్చేదాకా నా ఐడీ ఆపుతున్నానన్నాడు. ఆడుకునే జాగాకు డాక్టరు కాగితమట! కోపంతో కంప్యూటరు పీకేశాను. తెల్లారి ఏడు గంటలకు ముప్పై మంది పిల్లల్ని ఎక్కించుకుని బడి బస్సు తీశాను. మంగళవారం తీశాను. బుధవారం తీశాను. ఆ బడిలో చేరినప్పుడు నన్ను అడిగింది లైసెన్సు ఒక్కటే. ఆరోగ్యం గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆరు రోజులు ప్రతి పిల్లను కిందికి దింపినప్పుడల్లా హమ్మయ్య అనుకుని మళ్ళీ గేరు వేశాను. ఇది రాస్తుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

శనివారం మధ్యాహ్నం, పిల్లలను దింపే అమృతమ్మ నా భుజం పట్టుకుని ఊపింది. "జానయ్యన్నా, ఎన్నిసార్లు పిలవాలె? తండా దాటిపోయినం, బండి ఆపు!" బస్సు రోడ్డు ఎడమ అంచు మీద నడుస్తోంది. పక్కన బావి. గోపీకృష్ణ అన్న మాటే అమృతమ్మ అనేసరికి నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. తాళంచెవి తీసి, దిగి, రోడ్డు పక్కన కూర్చున్నాను. ఇక నడపనని చెప్పాను. ఇంకా పదిహేడు మంది పిల్లలున్నారు లోపల. బడి మేనేజరు మోటారుసైకిలు మీద వచ్చాడు. అప్పటికే తల్లులు, తండ్రులు మూగారు. "తాగినవా జానయ్యా?" అన్నాడు.

"అవు. తాగిన" అన్నాను.

అమృతమ్మ నా ముఖం చూసింది. నా నోట్లోంచి వాసన రాలేదని ఆమెకు తెలుసు. పాపం, తిరిగి పిల్లల దగ్గరికి పోయింది.

నేను చుక్క ముట్టలేదు బిడ్డా. ఎందుకట్లా అన్నానంటే, తాగాడంటే నాలుగు రోజులు తిట్టి మరిచిపోతారు. ఇది మూర్ఛలాంటిదని తెలిస్తే మళ్ళీ నా చేతికి తాళంచెవి ఎవరూ ఇవ్వరు. ముందు నాకు తోచింది అదే. పిల్లలు కాదు, తాళంచెవి.

ఇక నడుం నొప్పి. నాకు నడుం నొప్పి లేదు, ఎన్నడూ లేదు. నువ్వు ట్రైనింగులో అందరికీ చెప్పుకున్న కోతి కథ ఉంది కదా, ఘాటులో అడ్డం వచ్చిన కోతిని తప్పించబోయి గోడకు రాసుకుని, నలభై ఎనిమిది మందిని కాపాడిన మా బాపు అని. ఆ రోజు కోతి లేదు. ఈగలపెంట దాటాక మలుపు రావడం తెలుసు. ఆ తర్వాత తెలిసింది బస్సు గోడకు రాసుకుని ఆగిపోయి ఉందని. కండక్టరు మారయ్య "ఏమైందన్నా?" అంటే నోటికొచ్చింది కోతి. జనం నాకు దండం పెట్టారు. డిపోలో శాలువా కప్పారు. నెల తిరక్కుండా నడుం నొప్పి అని రాసిచ్చి దిగిపోయాను. అంతవరకు బుద్ధి ఉంది. ఇంట్లో కూర్చుని ఏడాది దాటి, ఏమీ కాకపోయేసరికి, అది ఒక్కసారి వచ్చిపోయిందని నాకు నేనే చెప్పుకుని బడి బస్సు ఎక్కాను.

నీకు ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న సాయంత్రం మేనేజరు ఇంటికొచ్చాడు. "డ్రైవర్లు దొరుకుతలేరు. మనిషన్నంక ఒకసారి తప్పు చేస్తడు. ఇంక ముట్టనని ఒట్టేసి సోమవారం రా" అన్నాడు. ఒట్టేశాను. ముట్టనన్నది అబద్ధం కాదు కదా! తాళంచెవి ఇచ్చిపోయాడు. నా ఎదురుగా మేకుకు వేలాడుతోంది. రాత్రంతా దాన్ని చూశాను. రేపు ఏడింటికి బస్సు తీయాలి. వద్దని నా బుద్ధి అంటోంది. పిల్లలను దింపి వచ్చేదాకా ఏమీ కాదులే, మొన్న ఐదు రోజులు కాలేదు కదా అని చెయ్యి అంటోంది. భయం వేస్తోంది పుష్పా, నా చెయ్యే గెలుస్తుందేమోనని.

పై మాట రాసి ఆగాను. ఇప్పుడు మళ్ళీ రాస్తున్నాను. మధ్యలో జరిగింది ఇది.

మీ అమ్మ గడపలో నిలబడి, "ఎన్నిసార్లు పిలవాలె నిన్ను?" అంది. పదిహేను రోజుల తర్వాత మొదటి మాట. నేను విన్నది ఒక్కసారే. కలం చేతిలోనే ఉంది. కాగితం మీద గీత ఒకటి కిందిదాకా జారి ఉంది. నీకు కనబడుతుంది చూడు, భయమనే మాట పక్కన.

"గోపమ్మా, ఎన్నిసార్లు పిలిచినవ్?" అన్నాను.

"మూడుసార్లు. చెవుల సీసం పోసుకున్నవా?"

కూర్చోమన్నాను. ఘాటు నుంచి చెప్పాను. కుక్కరు చెప్పాను, అమృతమ్మను చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. మీ అమ్మ నా ముఖం రెండు చేతులతో పట్టుకుని, "తాగిందే నయముండె గదయ్యా, తాగిందే నయముండె" అని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత లేచి, మేకుకున్న తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది. నా వైపు చూడనైనా చూడలేదు. చెప్పులేసుకుని మేనేజరు ఇంటికి పోయింది. నేను ఆపలేదు.

రేపు పొద్దున ఏడింటికి ఇద్దరం మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు పోతున్నాం. బస్సులోనే. మీ అమ్మ నన్ను కిటికీ పక్క సీట్లో కూర్చోబెడుతుందట. గోపీకృష్ణకు కూడా నిజం రాస్తాను. నువ్వు ఫికర్ పడి డ్యూటీలో పరధ్యానంగా ఉండకు. నీ వెనుక బండినిండా జనం ఉంటారు. పక్కవాడు పలకకపోతే, ఎంత పెద్దవాడైనా సరే, రెండోసారి పిలిచి మూడోసారికి ఆగకు.

ఆ కోతి కథ ఇక ఎవరికీ చెప్పకు. ఎవరైనా అడిగితే, మా బాపు బండి దిగిండని చెప్పు.

ఇట్లు,
నీ బాపు
జానయ్య